కెన్సింగ్టన్‌లో అమ్మ భోంచేసిన మధ్యాహ్నం

అమ్మ తింటుండగా నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. ఈ ప్రయాణానికి కారణం అదే. మాది కాకినాడ దగ్గర. ఇంటిల్లిపాదికీ వడ్డించి, ఆఖర్న వంటింట్లో గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తినేసి చెయ్యి కడుక్కునే మనిషి. 1991లో సిడ్నీకి, క్వేకర్స్ హిల్‌లోని మా ఇంటికి మూడు నెలలకని వచ్చింది. ఇక్కడా అదే వరస. పైగా ఇక్కడ అల్లుడుగారొకరు. "అల్లుడుగారి ఎదురుగా కూచుని తింటానా? బావుందే నువ్వు చెప్పడం!" అని నన్నే కేకలేసేది. తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి నాకూ పంతం పట్టుకుంది. వెళ్లేలోగా ఒక్కపూటైనా మా అమ్మ నా పక్కన కూర్చుని వేడివేడిగా తినాలి. ఇంట్లో కుదరకపోతే హోటల్లో కుదరదా? అక్కడ వంటిల్లు తనది కాదు, గరిటె తన చేతిలో ఉండదు కదా!

శనివారం పదకొండింటికి బయల్దేరాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల మా అమ్మాయి అను, అమ్మ. బ్లాక్‌టౌన్‌లో రైలు మారి సెంట్రల్‌లో దిగాం. దాదాపు గంటన్నర పట్టింది. అక్కణ్ణుంచి యూనివర్సిటీ (ఇక్కడందరూ యూని అంటారు) వైపు వెళ్లే బస్సెక్కాలి. బస్సులో ఖాళీ సీట్లున్నా అమ్మ నిలబడే ఉంది. డ్రైవరు అద్దంలో చూసి, "టేక్ ఎ సీట్, లవ్. ఐ కాంట్ గో టిల్ యూ సిట్" అన్నాడు. "అందర్నీ కూచోనియ్యమను ముందు" అంది అమ్మ. అందరూ కూర్చునే ఉన్నారు మొర్రో అన్నాక గానీ కూర్చోలేదు. నా పంతం ఎంతవరకు నెగ్గుతుందో నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

కెన్సింగ్టన్ పెద్ద రోడ్డు మీద, బస్టాపుకి ఎదురుగానే ఆ మలేషియా హోటల్. చిన్నది. యూని పిల్లలతో కిటకిటలాడుతోంది. నడిపేది పెనాంగ్ నుంచి వచ్చిన ఐషా ఆంటీ. వంటా ఆవిడే, వడ్డనా ఆవిడే. మన పరోటాలా పొరలుపొరలుగా ఉండే రోటీ చనాయ్, కొబ్బరిపాలతో వండిన అన్నం, చింతపండు పులుసులో బెండకాయలు వేసిన చేపల కూర, సంబల్ అని ఎండుమిరపకాయల పచ్చడి చెప్పాం. ఆ రోజుల్లో నలుగురం కడుపునిండా తిన్నా పాతిక డాలర్లు దాటేది కాదు. పులుసు వాసనకి అమ్మ ముఖం విప్పారింది. "మన వాసనేనే!" అంది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను.

మా ఆయన ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే అమ్మ లేచింది. గిన్నె అందుకుని అల్లుడికి చేప నడిముక్క, అనుకి ముల్లు తీసిన ముక్క, నాకు అన్నం. తన పళ్లెం మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"అమ్మమ్మా, సిట్ డౌన్! ఎవ్రీబడీ ఈజ్ లుకింగ్" అంది అను.

"మీరు తినండమ్మా, నేను తర్వాత తింటా."

"తర్వాతంటే ఎప్పుడే? రైల్లోనా?" అన్నాను. గొంతు లేచింది నాకు. పాపం మా ఆయన, "అత్తయ్యగారూ, నేను చూడనండీ" అని కుర్చీ వీధివైపు తిప్పుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నారు. అయినా ఆవిడ ముద్ద ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం వచ్చి ఏం లాభం?

రెండున్నరకి జనం పల్చబడ్డారు. ఐషా ఆంటీ ఏప్రాన్ విప్పి, ఓ పళ్లెంలో అన్నం పెట్టుకుని, వంటింటి గుమ్మం పక్కనున్న బల్ల దగ్గర కూర్చుంది. అమ్మ చూసింది. తిన్నగా ఆవిడ దగ్గరికెళ్లి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే అడిగింది. "యూ... నౌ ఈటింగ్?"

"ఎవ్రీబడీ ఫినిష్, దెన్ ఐ ఈట్, లా" అంది ఆంటీ, మాట చివర 'లా' తగిలించే మలేషియా యాసలో.

అమ్మ నావైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. 'చూశావా మరి!' అన్నట్టు. ఆంటీ పక్క కుర్చీ లాగి, ఇంకో పళ్లెం తెచ్చి అమ్మకి వడ్డించింది. కాదనలేదు అమ్మ! చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురు బతిమాలితే తినని మనిషి, ముక్కూముఖం తెలియనావిడ పక్కన చక్కగా కూర్చుంటుందా! అనుకి తినిపించే హడావుడిలో నా అన్నం సగం అలాగే ఉండిపోయింది. పళ్లెం పట్టుకుని నేనూ అక్కడికే నడిచాను.

"అల్లుడుగారు తిన్నారా? పిల్ల తిన్నదా?" అంది అమ్మ.

"తిన్నారు."

"మరింకేం, కూచో."

కూర్చున్నాను. అమ్మ నా పక్కనే తింది. అమ్మ కారం అంతలా తింటుందని నాకు అంతవరకూ తెలియదు. సంబల్ రెండుసార్లు అడిగి వేయించుకుంది. కుడివైపు పళ్లు పోయినట్టున్నాయి, అంతా ఎడమ దవడతోనే నములుతోంది. చేప తలకాయ కోసం ఆంటీతో పోటీ పడింది. "ఇదంటే నాకు ప్రాణం" అంది. మా ఇంట్లో తలకాయ ఎప్పుడూ నాన్న పళ్లెంలోనే పడేది.

ఆ తర్వాతి వారం అమ్మ కాకినాడ వెళ్లిపోయింది. అమ్మ అలవాటు మాన్పిద్దామని తీసుకెళ్లాను గానీ, మానాల్సిన పట్టుదల నాదేనేమో. ఆఖర్న తినడం అమ్మకి బాధ కాదు, ఒంటరిగా తినడమే బాధ. ఇన్నేళ్లూ ముందు తినేసి లేచిపోయింది మేమే. ఇప్పుడు మా ఇంట్లో, ఆఖర్న తినేవాళ్ల దగ్గర ఇంకొకరు కూర్చోవాల్సిందే.

అమ్మనో అత్తగారినో ఇలాంటి చోటికి తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఒంటిగంట రద్దీలో వెళ్లకండి. రెండున్నరకి, వండినావిడ తన పళ్లెం పట్టుకుని కూర్చునే వేళకి వెళ్లండి. మీరు ఆకలి కాస్త ఆపుకోండి.