ఖోలీ కోసం ఇంటిపేరు మార్చిన వైనం

అద్దె గది కోసం జనం నానా తిప్పలు పడతారు. బతిమాలుతారు, పెద్దమనుషులను వెంటేసుకుని వస్తారు, లేని మంచితనం నటిస్తారు. నేను ఇంకాస్త ముందుకు వెళ్లాను. బతికున్న తండ్రిని చంపాను, నున్నగా గుండు గీయించుకున్నాను, తాళి కట్టిన భార్యను చెల్లెలి వరసకు తెచ్చాను. అదంతా షోలాపూర్‌లో, జోడ్‌భావి పేటలో, ఒక్క ఖోలీ కోసం. అక్కడ గదిని ఖోలీ అంటారు. తొందరపడి ఇప్పుడే తిట్టకండి. చివరిదాకా వింటే ఇంకా బాగా తిట్టొచ్చు.

ఎనభైల నాటి మాట. సిరిసిల్ల దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లాను. పని ఇట్టే దొరికింది. చాదర్లు నేసే కార్ఖానాలో సాంచె, అంటే కరెంటు మగ్గం, నడపడం. పడక కూడా అక్కడే, నూలు మూటల మీద. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే నెత్తి నిండా దూది, ముసలి మేకలా ఉండేవాణ్ణి. ఆ దూది దులిపి, కొబ్బరినూనె రాసి, చెవుల మీదికి జుట్టు దువ్వుకుంటే మాత్రం నా అంత అందగాడు పేటలో లేడని నా నమ్మకం.

అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. రాజమణి ఊళ్లో మా అమ్మానాన్నల దగ్గరుంది. బయలుదేరేముందు ఆమెకు మాటిచ్చాను.

"దసరా లోపల ఖోలీ సూస్త. నిన్ను తోలుకపోత."

"దొరకకపోతే?"

"సాంచె ఇడిసిపెట్టి వాపస్ అస్త."

"ఉత్త చేతుల్తోని రాకు. వాడకట్టుల ఇజ్జత్ పోతది," అంది. అనేసి ఏడ్చింది కూడా. ఆ ఏడుపు నన్ను షోలాపూర్ దాకా తరుముతూనే ఉంది. ఖోలీ పట్టకుండా ఊరి మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పేటలో ఇంటింటికీ తిరిగాను. అందరూ మనవాళ్లే, అందరిదీ మన భాషే, అయినా ప్రతి గడపలోనూ ఒకటే ప్రశ్న.

"నీకు ఓళఖ్ ఎవరున్నరు?" అంటే ఈ ఊళ్లో నిన్ను ఎరిగినవాళ్లు ఎవరని.

"మా కార్ఖానా సేట్ ఉన్నడక్కా."

"సేట్‌కు నువ్వు ఎప్పటిసంది ఎరుక?"

"మొన్నటిసంది."

"మాకు ఇయ్యాల్టిసంది ఎరుక. పో."

ఇలా డజన్ల కొద్దీ తలుపులు నా ముక్కు కొలత తీసుకుని మూసుకున్నాయి. చివరికి కొంతం చౌక్‌లో చాయ్ అమ్మే ఆయన జాలిపడి ఒక దారి చూపించాడు.

"లింగయ్య ఇంట్ల ఒక ఖోలీ రికామి, ఖాళీగ ఉన్నది. గని ఆయనది బొద్దుల ఇంటిపేరు. బొద్దులోళ్లకు తప్ప వేరేటోళ్లకు ఇయ్యడు. పోయి టైమ్ ఖరాబు చేసుకోకు."

మాది గాజుల ఇంటిపేరు. బుద్ధున్నవాడైతే అక్కడే లేచి వెళ్లిపోయేవాడు. నేను ఇంకో చాయ్ చెప్పాను. ఆ కప్పు ఖాళీ అయ్యేసరికి గాజుల సత్తయ్య పోయి బొద్దుల సత్తయ్య లేచి నిలబడ్డాడు.

తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాలో ఇంటిపేరు ఒకటైతే పాలివాళ్లు, అన్నదమ్ముల వరస. ఒకరి చావుకు ఇంకొకరు మైల పడతారు. పిల్లను ఇచ్చిపుచ్చుకోవడాలు అసలే ఉండవు. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయితే ఖోలీ పిచ్చి పట్టినవాడికి తెలిసినవేవీ అవసరానికి గుర్తురావు.

లింగయ్య వాకిట్లో కూర్చుని గడ్డం గోక్కుంటున్నాడు. భార్య భూమక్క ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"బొద్దులోనివా? ఏ ఊరు బొద్దులోళ్లు?" అన్నాడు లింగయ్య, నన్ను కింది నుంచి పైకి చూస్తూ.

"సిరిసిల్ల దిక్కు, పెద్దనాయినా."

పెద్దనాయినా అనగానే ఆయన మొహం విచ్చుకుంది. "మా తాత గూడ గా దిక్కు నుంచే నడుసుకుంట అచ్చిండు. మీ నాయినకు ఒక చిట్టీ రాస్త. పాత ముచ్చట్లు ఆయనకు ఎరుకుంటయి."

చిట్టీ వెళ్లిందంటే నా పని అయిపోయినట్టే.

"నాయిన లేడు పెద్దనాయినా," అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

భూమక్క బీడీ వదిలేసి కళ్లు ఒత్తుకుంది. "అయ్యో, తండ్రి లేని పోరడు! నూలు మూటల మీద పండుతుండు. ఇంకేం సూస్తవయ్యా, తాళంచెవి ఇయ్యి."

లింగయ్య తాళంచెవి ఇచ్చి, నన్ను కావలించుకుని, "మా రక్తం," అన్నాడు. నిజంగా సిగ్గేసింది. తాళంచెవి మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఊరికి కబురు పంపాను, రాజమణిని పంపించమని.

మంచి ఖోలీ. గోడకు గూడు, కిటికీకి ఊచలు, వాకిట్లో నల్లా. సున్నం వేసుకున్నాను, పొయ్యి పెట్టుకున్నాను. భూమక్క రోజూ జొన్నరొట్టె పంపేది. అబద్ధం కూడా ఇంత సుఖంగా ఉంటుందా అనిపించింది. రాజమణి వచ్చే ముందురోజు పొద్దున కొత్త దువ్వెన కొని తెచ్చుకున్నాను. అద్దం ముందు నిలబడ్డానో లేదో, లింగయ్య వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నడువ్ బేటా. గుండు చేయించుకోవాలె."

"ఎవరికి?"

"నీకే. మన పెద్దతాత పోయిండు గద. ఇయ్యాల దినం."

ఆ పెద్దతాత ఎవరో, ఎక్కడుండేవాడో నాకు తెలియదు. పండు ముసలాయన, నేను వచ్చాక పోయాడట. ఆయన మైలలో నేనూ ఉన్నానన్న సంగతి అప్పుడే తెలిసింది.

"రేపు మా ఇంటిది అస్తది పెద్దనాయినా! కొత్త పెండ్లాం!"

"పెండ్లాం అస్తదని ఎంటికెలు దాసుకుంటవా?"

"అది గాదు, మా..."

"తండ్రి ఉన్నోడైతే గుండు వద్దు. నీకు తండ్రి ఉన్నడా?"

ఉన్నాడు! బంగారంలా ఉన్నాడు! ఈపాటికి పొగాకు నములుతూ వాకిట్లో కూర్చుని ఉంటాడు! అని అరవాలనిపించింది. అరిస్తే ఖోలీ పోతుంది, రేపు రాజమణిని ఎక్కడ దించను? పళ్లు బిగించి మంగలి ముందు కూర్చున్నాను. మీసం కూడా తీసేశాడు. ముఖం ఒలిచిన కోడిగుడ్డులా తేలింది.

మర్నాడు బస్టాండుకు పోకుండా పనుందని అక్కడికి ఒక పిల్లాడితో కబురు పెట్టి, ఖోలీలోనే దాక్కున్నాను. మధ్యాహ్నం మా మామ రాజమణిని వెంటబెట్టుకుని అడ్రసు అడుగుతూ నేరుగా వచ్చేశాడు. నూలుకు రంగులద్దడం ఆయన పని. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. తలుపు తీశాను. రాజమణి నా గుండు చూసింది. చేతిలోని మూట కిందపడింది.

"అయ్యో మామా!" అని మా నాన్న కోసం శోకం మొదలుపెట్టింది. "ఎట్ల పోతివి మామా! మొన్ననే నాకు సద్ది గట్టించి బస్సెక్కిస్తివి!"

భూమక్క పరుగెత్తుకొచ్చి పొదివి పట్టుకుంది. "ఏడువకు బిడ్డా. మీ మామ పోయి శాన ఏండ్లాయె గదా."

రాజమణి ఏడుపు టక్కున ఆగింది. "శాన ఏండ్లా? మరి నన్ను బస్సెక్కిచ్చింది ఎవరు?"

అప్పుడు లింగయ్య గొంతు సవరించుకుని మా మామ వైపు తిరిగాడు. "బావా, మీ ఇంటిపేరేంది?"

"బొద్దులోళ్లం," అన్నాడు మా మామ.

ఇప్పుడు మీరడుగుతారు, భార్య పుట్టింటి పేరు తెలియనివాడు కూడా ఉంటాడా అని. ఉన్నాడండీ, నేనే. మా మామను ఊరంతా రంగుల రాములు అనేవారు. రంగుల అన్నదే ఇంటిపేరనుకున్నాను. పెళ్లిలో అయ్యగారు ఇంటిపేర్లు, గోత్రాలు చదివే ఉంటారు. నా చెవులు ఆ టైముకు బ్యాండు మేళం దగ్గరున్నాయి.

"బొద్దులోడు బొద్దుల పిల్లను చేసుకున్నడా!" లింగయ్య నెత్తి కొట్టుకున్నాడు. "సొంత చెల్లెను! నా ఇంట్ల!"

"వీడు బొద్దులోడు ఎందుకైతడు? గాజులోడు!" అని మా మామ నా మీదికొచ్చాడు. "ఏందిరా సత్తయ్యా, ఏం చేసినవ్?"

అంతా కక్కేశాను. చౌక్ దగ్గరి చాయ్ నుంచి మంగలి కత్తి దాకా. వాకిట్లో జనం మూగారు. అసలు బొద్దులవాడైన మా మామకు తల నిండా జుట్టు, గాజులవాణ్ణయిన నాకు గుండు. నవ్వని మనిషి లేడు, లింగయ్య తప్ప. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"రక్తం అనుకున్న నిన్ను," అన్నాడు. "మా బొద్దుల పిల్ల మొగుణ్ణని ఒక్క మాట చెప్తే, అల్లునివని కాళ్లు గడిగి ఖోలీల కూసుండబెట్టకపోదునా?"

నా మూట సర్దుకుని బయటికి నడిచాను. భూమక్క అడ్డం వచ్చింది, నాకోసం కాదు.

"పిల్ల మన ఆడిబిడ్డ. దాన్ని బజార్ల నిలవెడ్తవా?" అని మొగుణ్ణి నిలదీసింది.

లింగయ్య తాళంచెవి నా చేతిలోంచి లాక్కుని రాజమణి చేతిలో పెట్టాడు.

"ఖోలీ నీది బిడ్డా. నీ పుట్టిల్లే అనుకో. ఇగ ఈ మనిషిని లోపటికి రానిచ్చుడు నీ ఇష్టం. వీనికి ఓళఖ్ నువ్వే చెప్పాలె. ఎవరు వీడు?"

అందరూ ఆమె వైపు చూశారు. నేను గుండు నిమురుకుంటూ దీనంగా చూశాను. రాజమణి నా తలను అటునుంచీ ఇటునుంచీ పరీక్షించింది, మీసం లేని మూతినీ చూసింది.

"నాకైతే ఎరుక లేడు పెద్దనాయినా," అని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళ దాకా గడప మీదే కూర్చున్నాను. తలుపు తీసే ముందు లోపలి నుంచి నాచేత ప్రమాణం చేయించింది. రెండు చేతులూ గుండు మీద పెట్టుకుని, పేటంతా వినేలా చేశాను: ఈ జన్మలో ఇంకెవరి ఇంటిపేరూ ముట్టను, మా నాన్న నిజంగా పోయేదాకా ఆయన్ను పోనివ్వను, ఎవరు ఎక్కడ నువ్వెవరివని అడిగినా ముందు రాజమణి మొగుణ్ణని చెప్పి, నా పేరు అడిగితేనే చెబుతాను.