అత్త చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

మా అత్త చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది ఆమె చేతి తప్పు వల్ల కాదు, నా వల్ల. ఈ ముక్క ఆ రోజే ఆమెతో చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

తొంభైల చివర్లో మేము కబ్బన్‌పేటలో మా నాన్న కట్టిన ఇంట్లోనే ఉండేవాళ్లం. వారమంతా కంపెనీ బస్సులో ఎలక్ట్రానిక్ సిటీకి పోయి రావడంతోనే గడిచిపోయేది. ఆదివారాలు మాత్రం నావి. ఒకప్పుడు కంటోన్మెంట్ హోటళ్లలో గిటారు వాయించిన ఒక పెద్దాయన, ఊరు వదిలి పోతూ తన పాత వాల్వు ఆంప్లిఫైయర్‌ని నాకిచ్చాడు. "మోయగలిగితే తీసుకుపో" అన్నాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంటి ముందు దిగేసరికి తొడలు తిమ్మిరెక్కిపోయాయి.

స్విచ్చి వేస్తే వాల్వులు మెల్లగా వెలిగేవి. గిటారు ముట్టకముందే గుయ్‌మని రొద మొదలయ్యేది. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరచి పెట్టె విప్పాను. అప్పటినుంచి చాలా ఆదివారాలు మా ఇంట్లో అందరూ కింద కూర్చునే తిన్నారు. లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మారిస్తే రొద పోయింది. కానీ గిటారు శబ్దం గొంతు పట్టేసిన మనిషి మాటలా బొంగురుగానే ఉంది. మీటరు పెట్టి చూస్తే, రెండు పెద్ద వాల్వుల్లో ఒకదానికి కరెంటు అందడం లేదు. వాల్వులకీ స్పీకరుకీ మధ్య ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌లో, వెంట్రుక లాంటి రాగి తీగ ఎక్కడో తెగిపోయింది. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్‌లో అడిగితే, ఇంత సన్న తీగతో ఒక్కటి చుట్టడానికి మెషిన్ పెట్టలేమన్నారు.

ఆ ఆదివారం అత్త వచ్చింది. మా నాన్న చెల్లెలు, రెండు వీధుల అవతల ఉండేది. చిన్నప్పటినుంచీ మగ్గాలకు పట్టు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయి చాన్నాళ్లయినా ఆమె రాట్నం మాత్రం ఇంట్లో ఓ మూల అట్లాగే ఉంది.

"ఏమప్పా, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోని దొంగ మాదిరి తడుముతా ఉండావు?"

"షాక్ కొట్టకుండా అత్తా. రెండు చేతులూ పెట్టకూడదు దీంట్లో."

"ఏమయ్యిండాది దానికి?"

"లోపల చుట్టిన తీగ తెగిండాది. మళ్లీ చుట్టేవాళ్లు దొరకడం లేదు."

"చుట్టేదానికి మనుషులు దొరక్కపోవడమేంది? నేను చచ్చినానా?"

ఇది పట్టు కాదు, రాగి అన్నాను. ఆమె తీగను రెండు వేళ్ల మధ్య పెట్టి లాగి చూసింది. "పట్టు కంటే మొండిదా ఇది? పట్టు వానకి ఒక మాదిరి, ఎండకి ఒక మాదిరి ఉంటాది. ఇది పాపం, ఎప్పుడూ ఒకే మాదిరి ఉండేట్టుండాది."

పాత చుట్టను లెక్కపెట్టుకుంటూ విప్పాను. చెక్క ముక్కకు రంధ్రం చేసి, ఖాళీ బాబిన్‌ని ఆమె రాట్నం కదురుకు బిగించాను. మూడు ఆదివారాలు చుట్టింది. వేలికి గుడ్డపీలిక కట్టుకుని, తీగ పక్కన తీగ, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. ఒక్కో వరస కాగానే పల్చటి కాగితం చుట్టి పైవరస మొదలుపెట్టేది. నూరు చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేది. లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఉలకదు, పలకదు. మా ఆవిడ కాఫీ తెచ్చి నిలబడితే, గింజ పడేదాకా నిలబడాల్సిందే.

బిగించి స్విచ్చి వేసిన రోజు ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నేను చాలాసేపు వాయించాను. శబ్దం నిండుగా, తియ్యగా వచ్చింది.

"బాగుండాది. పాట ఎప్పుడు మొదలుపెడతావు?"

"ఇదే పాట అత్తా."

"ఓహో" అని ఊరుకుంది. కానీ సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది, మావాడి పెట్టెలో అరిచేది నా చుట్టేనని.

పెట్టె వెనకాల ఒక కాగితం అంటించాను: "స్పీకరు తీగ తగిలించకుండా ఆన్ చేయరాదు." అట్లా చేస్తే స్పీకరుకు పోవాల్సిన శక్తంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదికే తిరగబడుతుంది. ఇంట్లో అందరినీ నిలబెట్టి ఈ సంగతి చదివి వినిపించాను కూడా.

కొన్ని నెలల తర్వాత, స్పీకరు ముందున్న గుడ్డ చిరిగితే మార్చాలని స్పీకరు ఊడదీశాను. గుడ్డ అంటించి, మళ్లీ బిగించి, స్విచ్చి వేశాను. శబ్దం లేదు. వాల్యూం పెంచాను. ఇంకా పెంచి తీగలు గట్టిగా మీటాను. ఎక్కడినుంచో దోమ పాడినట్టు సన్నగా నా గిటారే వినిపించింది. స్పీకరులోంచి కాదు, ట్రాన్స్‌ఫార్మర్ లోంచి. అర్థమయ్యేలోపే టిక్కుమంది, కాలిన వాసన వచ్చింది. వంగి చూస్తే స్పీకరు తీగ కింద వేలాడుతోంది. దాని పక్కనే నా చేతిరాత.

గదిలో ఎవరూ లేరు. తీగ తగిలించేశాను.

వాసనకి మా ఆవిడ వచ్చింది, కబురు విని అత్త వచ్చింది. "నా చుట్టు తెగిందా?" అనడిగింది.

"ఏమో అత్తా, లోపల ఎక్కడో పోయినట్టుండాది" అన్నాను. ఇంటికంతటికీ ఇంజనీరును కదా, నోరు రాలేదు.

ఆమె ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని అడిగి తీసుకుపోయింది. తన తప్పు ఎక్కడుందో చూడాలని వరసలన్నీ ఒక్కొక్కటే విప్పింది. లోపలి వరసలో నల్లటి మచ్చ కనపడితే నన్ను పిలిపించింది. "ఇదో, ఈడ. కాగితం సొల్పం జరిగిండాది. కండ్లు మోసం చేసినాయప్పా."

నేను చూశాను. కాగితం జరగలేదు, కాలి చిల్లు పడింది. "పోనీలే అత్తా" అన్నాను. తప్పు చేసినవాణ్ణి నేనై ఉండి, ఆమెను క్షమించాను.

ప్రతి ఆయుధపూజకీ అత్త రాట్నం తుడిచి, బొట్టు పెట్టి, ఒక్క కండె చుట్టి దేవుడి ముందు పెట్టేది. మగ్గాలు పోయినా ఆ కండె మానలేదు. ఆ ఏడు మానింది. బొట్టు మాత్రం పెట్టింది. "బిగువు తెలీడం లేదు చేతికి" అంది. సూదిలో దారం ఎక్కించమని చుట్టుపక్కలవాళ్లు వస్తే, అందరికీ అదే మాట. మరుసటి ఏడూ కండె లేదు. ఆ పై ఏడూ లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మేము కుందలహళ్ళికి మారాం. పెట్టె కూడా వచ్చి అటక ఎక్కింది. రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి దొరికితే బిగిద్దామని ఒక ఆదివారం దించి, వెనక పలక విప్పాను. లోపల అడుగున, ఇన్నాళ్లూ నా కంట పడని మూలలో గుడ్డమూట కనపడింది. విప్పితే చింతగింజలు. లెక్క తప్పలేదనడానికి సాక్ష్యంగా అత్త అప్పుడే లోపల దాచిపెట్టినట్టుంది. లెక్కపెట్టాను. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

గింజల మూట జేబులో వేసుకుని కబ్బన్‌పేట బస్సెక్కాను.

అత్త వాకిట్లో కూర్చుని ఉంది. "ఏమప్పా, దారి తప్పినావా?" అంది. మూట ఆమె చేతిలో పెట్టి, ఆంప్లిఫైయర్ గురించి మొదలుపెట్టాను. స్పీకరు లేకపోతే శక్తి ఎటు పోతుందో, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతుందో చెప్పుకుంటూ పోయాను. ఆమె గింజలు వేళ్లతో తడుముతూ కాసేపు విన్నది.

"ఇంజనీరు మాటలు నాకొద్దు. తిన్నగా చెప్పు. నా చుట్టు మంచిదా, కాదా?"

"మంచిదత్తా. కాగితం జరగలేదు, లెక్క తప్పలేదు. స్పీకరు తీగ తగిలించకుండా నేనే కాల్చినా. ఆ పొద్దే నాకు తెలుసు. తెలిసి కూడా నీ చేతి మీదికి నెట్టినా. నాది తప్పయ్యింది అత్తా. క్షమించు."