కుదురులేని గేమ్స్ మాస్టారు

వెంకటసత్యనారాయణ కువైట్‌లో దిగింది 1978లో. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. కోనసీమ మనిషి. పదకొండేళ్ళలో నాలుగు కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేశాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే వరస. వాలీబాల్ జట్టు లేనిచోట జట్టు కట్టేవాడు, రెండు మూడేళ్ళకి దాన్ని గెలిపించేవాడు. గెలిచిన మరునాటినుంచి ఆయనకు అక్కడ ఊపిరాడేది కాదు. రాజీనామా రాసిచ్చేసేవాడు. నాలుగోసారి ఇచ్చాక ఐదో కాలేజీ దొరకలేదు. తెలిసినవాళ్ళెవరో వీసా తెప్పిస్తే, భార్య నాగేశ్వరిని కాకినాడలో నర్సు ఉద్యోగంలోనే ఉంచి, షుఐబా రేవులో ఓ కాంట్రాక్టు కంపెనీకి టైంకీపరుగా వచ్చాడు.

అది కూర్చుని చేసే పని. పొద్దున్న గేటు దగ్గర కూలీల హాజరు వేయాలి, సాయంత్రం మళ్ళీ వేయాలి. మధ్యలో రేకుల గదిలో కుర్చీ. వారం తిరగకుండానే ఆయన కుర్చీ వదిలి యార్డంతా తిరగడం మొదలుపెట్టాడు. అలా తిరుగుతుండగా ఒకడు కనిపించాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన దేవన్న. యూరియా బస్తాని లారీ మీదికి విసిరి, దాని వెనకే తనూ ఒక్క ఉదుటున ఎక్కేస్తున్నాడు.

"ఏవయ్యా, ఓసారి ఎగిరి ఆ రేకు అంచు ముట్టుకో చూద్దాం."

"ఎగురుడెందుకు సార్? బస్తాలు మొయ్యనీకి వచ్చిన."

అంటూనే ఎగిరాడు. అరచెయ్యి మొత్తం రేకు మీద ఆనింది.

ఆ శుక్రవారమే మాస్టారు షర్క్ చేపల బజారుకెళ్ళి పాత వల కొనుక్కొచ్చాడు. పాడైన పైపులు రెండు పాతి క్యాంపు వెనక ఇసుకలో కోర్టు గీశాడు. ఎనిమిది మందిని పోగుచేశాడు. వాళ్ళు గొణిగారు.

"దినమంతా మోసొచ్చినంక మళ్ళ గీ కొలువేంది సార్?"

"పది రోజులు ఆడండి. నచ్చకపోతే మానెయ్యండి."

ఎవరూ మానలేదు. రెండేళ్ళు గడిచాయి. 1981 ఫిబ్రవరిలో కంపెనీ క్యాంపుల మధ్య జరిగిన పోటీల్లో వాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. శుక్రవారం సాయంత్రం ఆట. గురువారం మధ్యాహ్నం ఓడ ఒకటి అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. శుక్రవారం పనికి పిలిచినవాళ్ళ జాబితాలో దేవన్న పేరుంది.

దేవన్నని ఆ పూటకి వదలమని అడగడానికి మాస్టారు పరుగున ఫోర్‌మన్ అబ్దుల్ ఖుద్దూస్ దగ్గరికెళ్ళాడు. ఆయనది కడప.

"నాకు లెక్కకు మనిషి కావల్ల మాస్టారూ. లేదంటే ఓ పని చెయ్. హాజరు నీ చేతిలోదే గదా, ఏసెయ్. నేను సూడను."

"దొంగ హాజరు వెయ్యనండి. బదులు మనిషిని పెడతాను."

"ఎవరిని పెడ్తావప్పా?"

"నన్నేనండి."

ఖుద్దూస్ ఆయన్ని ఎగాదిగా చూసి, తన గ్లవ్స్ తీసి చేతిలో పెట్టాడు.

మరునాడు ఆట మొదలయ్యే వేళకి మాస్టారు ఓడ పక్కన బస్తా మోస్తున్నాడు. భుజం కమిలిపోయింది. చేతులు బస్తా మీద ఉన్నాయి గానీ మనసు కోర్టులో ఉంది. ఇప్పుడు సర్వీసు ఎవరిది? దేవన్న తొందరపడి నెట్‌ని తాకుతున్నాడేమో? కంగారులో ఒకే బస్తాని రెండుసార్లు దించి ఎత్తాడు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ వెనకనుంచి ఎవరో కసురుకున్నారు.

షిఫ్ట్ అయ్యేసరికి గేటు దగ్గర జట్టంతా కప్పు పట్టుకుని నిలబడి ఉంది. దేవన్న ఆయన్ని అమాంతం ఎత్తేశాడు.

"సార్, మీరు లేకున్నా గెలిచినం సార్!"

సంతోషంగా అన్నమాటే అది. మాస్టారూ నవ్వాడు. కానీ తన అవసరం ఇక్కడ తీరిపోయిందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ నెలలోనే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాడు.

ఫింటాస్‌లో ఓ చిన్న ఇండియన్ స్కూలు ఆయన్ని గేమ్స్ టీచరుగా తీసుకుంది. వీసాకి పూచీ ఉన్న కఫీల్ సంతకం పెట్టి, ఇఖామా అనే నివాస పత్రం కొత్త ఉద్యోగానికి మారడానికి ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాత నాగేశ్వరి కూడా వచ్చి అక్కడే ఒక క్లినిక్‌లో చేరింది. ఆయన ఖాళీ స్థలంలో సున్నంతో ట్రాక్ గీశాడు. ఆడపిల్లలకు జట్టు పెట్టాడు. వద్దన్న తల్లిదండ్రుల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి ఒప్పించాడు. 1986లో ఇండియన్ స్కూళ్ళు కొన్ని కలిసి ఆటల కమిటీ వేసుకుని ఆయన్ని కార్యదర్శిని చేశాయి. గది, టేబులు, టైపు మిషను ఇచ్చాయి. పాస్‌పోర్టు చూపించి వయసు రుజువు చేసుకోని పిల్లలు ఆడకూడదని ఆయన మొదటి నిబంధన రాశాడు.

రెండో ఏడే ఆ నిబంధన సొంత స్కూలుకు తగిలింది. ఆయన స్వయంగా తర్ఫీదిచ్చిన రిలే జట్టులో ఒకడికి ఉండాల్సినదానికన్నా ఏడాది వయసు ఎక్కువని ఫైనల్ ముందు బయటపడింది. ఫైనల్ రోజు మైకు ముందు నిలబడి, తన జట్టుని తప్పించినట్టు తనే చదివాడు. ప్రిన్సిపాల్ ఆ వారమంతా ఆయన పలకరింపుకి బదులివ్వలేదు. పిల్లలు ఏడ్చారు. వాళ్ళ మొహాలు చూడలేక ఆయన సముద్రపు ఒడ్డున చీకటిపడేదాకా నడిచాడు.

"తప్పు చేశానంటావా?" అని ఇంటికొచ్చి భార్యనడిగాడు.

"తప్పేం కాదండి. ఆ కుర్రాడి కాగితాలు ముందే చూసుకోవల్సిందండి, అంతే."

ఆ మాట ఆయన్ని చాలారోజులు పీకింది. టేబులు ముందు కూర్చుని కాగితాలు చూడటం తన వల్ల కాలేదని ఒప్పుకున్నాడు. 1988లో కార్యదర్శి పదవి వదిలేశాడు. స్కూలు కూడా వదిలి, అద్దె ఇంట్లో అప్పుడే మొదలైన మరో స్కూలుకు తక్కువ హోదాలో వెళ్ళాడు. దానికి ఆటస్థలమే లేదు.

"ఆ కుర్చీలోనన్నా నాలుగేళ్ళు కుదురుగా ఉంటారనుకున్నానండి," అంది నాగేశ్వరి.

 అప్పటికే ఆయన టేపు తీసుకుని ఆ స్కూలు మేడ మీద పొడుగూ వెడల్పూ కొలిచి వచ్చాడు. పిట్టగోడ చుట్టూ ఎత్తుగా జాలీ కట్టించి, ఇరవై మంది పిల్లలతో అక్కడే వాలీబాల్ మొదలుపెట్టాడు. ఆ జట్టు ఆ ఏడు ఆడిన ఆరు ఆటల్లోనూ ఓడిపోయింది. పిల్లలకి ఇంకా కొట్టేవాడికి బంతి లేపి అందించే లిఫ్ట్ చెయ్యడం రాలేదని ఆయన రోజూ గంట ముందే స్కూలుకి వెళ్ళేవాడు.