పాలక్యాన్లు దిగిన బండి

నల్లమల ఘాట్ రోడ్డులో నేను మోటారు సైకిలు నడుపుతుంటే ఎదురొచ్చే లారీలే పక్కకు తప్పుకున్నాయి. పిట్టగోడ మీది కోతులు తినడం ఆపి చూశాయి. వెనక నా భార్య, ఆమె ఒళ్లో టిఫిన్ క్యారియర్. అందులో పప్పుచారు ఒక్క చుక్క ఒలకలేదు. అరవై దాటిన మనిషి గిద్దలూరు నుంచి నంద్యాలకు అంత సాఫీగా పోవడం ఆ రోడ్డు ఎన్నడూ చూసి ఉండదు.

మా వీధిలో ఈ కథ ఇలాగే చెబుతాను. రాయడానికి కూర్చుంటే మాత్రం కొంత తగ్గించుకోవాలనిపిస్తోంది. కోతులు మమ్మల్ని చూసే ఉంటాయి గాని, తినడం ఆపలేదు. పప్పుచారు సంగతి అక్షరాలా నిజం. లారీల సంగతి తర్వాత చూద్దాం.

అసలు అంతకు ముందు నేను బండి మీద గిద్దలూరే ఎరగను. మాది బేస్తవారిపేట పక్కన పల్లె. ముప్పై ఏళ్లు నా పని ఒక్కటే. బండికి రెండు పక్కలా ఇనుప చట్రాలు వెల్డింగ్ చేయించి, వాటిలో పాలక్యాన్లు దించుకుని, వెనక సీటు మీద ఇంకో క్యాను కట్టుకుని, పొద్దున్నే బేస్తవారిపేట హోటళ్లకు పోసి రావడం. తిరిగొచ్చేటప్పుడు గేదెలకు తవుడు, వేరుశనగ చెక్క అవే చట్రాల్లో వేసుకొచ్చేవాణ్ణి. బండ్లు మారాయి గాని దారి మారలేదు. నా భార్య ఒక్కసారి కూడా ఆ సీటు మీద కూర్చోలేదు. చర్చికైనా ఆస్పత్రికైనా ఆటోలోనే పోయేది. క్యాన్లను దింపితే కదా ఆమెకు చోటు!

మోకాళ్లు మొరాయించాక గేదెల్ని అమ్మేసి, ఇంటి పాలకు ఒక్కదాన్ని ఉంచుకున్నాం. ఆ రోజుల్లోనే నంద్యాల నుంచి మా మరదలు ఫోన్ చేసింది. ఇల్లు కట్టుకున్నారట, దేవుడికి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారట, తప్పకుండా రావాలంది.

నా భార్య నన్ను ఒక్క మాట అడగకుండా, "బస్సులో రాంలే. బండి మీదొస్తాం. మీ బావ తోలకొస్తాడు" అని చెప్పేసింది. ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు ఆ బండి మీద పాలు కూచున్నాయి. ఒక్కసారి నేను కూచుంటా. ఏం, కాదంటావా?"

"కాదనేదేంది? నంద్యాల ఎంత? కండ్లు మూసుకోని పోతా" అన్నాను.

అనేశాను గాని అసలు సంగతి వేరే. పాలక్యాన్లు లేకుండా నాకు బండి నడపడం రాదు. నవ్వేవాళ్లు నవ్వండి. ముప్పై ఏళ్లు రెండు పక్కలా బరువు వేలాడుతుంటే దాని ఊపు మీదే నడిపినవాణ్ణి. ఉత్త బండి నడపాల్సిన అవసరమే రాలేదు. ఇంత వయసులో, నా భార్య మొదటిసారి ఎక్కిన బండిని ఘాటు మలుపులో పడేస్తే? ఆ సంగతి పైకి చెప్పడానికి నోరు రాలేదు.

బేస్తవారిపేటలో చట్రాలు కోయించాను. వెల్డింగతను కోసి పక్కన పడేస్తే బండి బోసిగా కనబడింది. టైర్లు మార్పించాను, బ్రేకులు బిగించాను, రెండు హెల్మెట్లు కొన్నాను. ఇంటికి తిరిగొచ్చే దారిలో హ్యాండిల్ నా మాట వినలేదు. అటూ ఇటూ ఊగి ఊగి కంది చేలో దిగబడింది. దెబ్బ తగల్లేదు. చొక్కా దులుపుకుని, ఎవరూ చూడలేదు కదా అని ముందు చుట్టూ చూసుకున్నాను.

మరునాటి నుంచి సాధన మొదలుపెట్టాను. నా భార్యకు బదులు వెనక సీటు మీద తవుడు బస్తాను నిలబెట్టి, తాడుతో కట్టి, పల్లె రోడ్డు మీద తిరిగేవాణ్ణి. జీవాలు మేపుకునే మా పక్కింటతను గట్టు మీద నుంచి చూసి కేకేశాడు.

"ఏం మామా, అత్త అట్ల చిక్కిపోయిందేంది!"

"అత్త కాదురా, తవుడు!"

"అట్లనా! మాటా పలుకూ ల్యాకపోతే అనుమానమొచ్చిందిలే!"

ఈ మాట సాయంత్రానికి ఇంటికి చేరింది. "నేను తవుడు బస్తానా?" అంది నా భార్య. సాధన అంటే అట్లే ఉంటుందని, పెద్దపెద్ద డ్రైవర్లంతా అట్లే నేర్చుకున్నారని చెప్పాను. ఏ డ్రైవరూ నాకు అలా చెప్పలేదు.

రెండు మూడు రోజులకు ధైర్యం వచ్చింది. ఒక ఉదయం హైవే దాకా పోయి, స్పీడు బ్రేకర్లన్నీ దాటి, వాకిట్లో దర్జాగా బండి ఆపాను.

"చూడు! బస్తా కదిలిందేమో చూడు!"

ఆమె చీపురు పట్టుకుని నా వెనక్కి చూసింది. చాలాసేపు చూసింది. "యాడుంది బస్తా?"

వెనక్కి తిరిగాను. తాడు మాత్రం వేలాడుతోంది. మాటల్లోనే పక్కింటతను చిరిగిన గోతాం భుజాన వేసుకుని వచ్చాడు. "స్పీడు బ్రేకర్ కాడ పడింది మామా. నేను పొయ్యేసరికి మా మేకలు పండగ చేసుకున్నాయి."

అతను పోయాక నా భార్య చీపురు గోడకు ఆనించింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. "నేను పడిపోయినా ఇట్లనే ఇంటికొచ్చి, కదల్లేదు చూడు అంటావా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కూలబడ్డాను. "నాకు భయమైతాంది. క్యాన్లు ల్యాకపోతే బండి నా చేతిలో ఉండడంల్యా. బస్సులో పోదాం. మీ చెల్లెలికి నేనే చెప్తాలే."

ఆమె కొంగు నడుముకు దోపి, కొత్త హెల్మెట్ తెచ్చి తలకు పెట్టుకుంది. "బస్తా నిన్ను పట్టుకోదు. నేను పట్టుకుంటా. తియ్యి బండి."

పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో నా నడుము పట్టుకుంది. నాలుగు గజాలు పోయామో లేదో బండి ఊగడం మొదలైంది. వెనక నుంచి గద్దించింది. "ఎందుకట్ల బిగుసుకుంటావు? పాలు పోసుకోని ఎట్ల పోతావో అట్ల పో!"

ఆ మాటతో చేతులు వాటంతట అవే వదులయ్యాయి. పాలు కుదిపితే వెన్న తేలుతుంది, హోటలాయన తిడతాడు. అందుకే గుంతను దూరం నుంచే చూసి వేగం తగ్గించడం, బ్రేకు మెల్లగా నొక్కడం, మలుపులో బండిని లాలించినట్టు వంచడం నాకు అలవాటు. ఆ అలవాటు పాలతో పాటే పోయిందనుకున్నాను. పోలేదు. చర్చి దాకా పోయి తిరిగొచ్చేసరికి గుండెల మీద నుంచి నిండు క్యాను దించినట్టయింది. నా వెనక మనిషి ఉందని, ఊపిరి పీలుస్తోందని నడుము దగ్గర తెలుస్తూనే ఉంది.

బయల్దేరే రోజు పాస్టరు గారు వచ్చి పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చక్రాలు, బ్రేకులు, లైట్లు ఒక్కటీ వదల్లేదు. నేను అప్పటికే ఇంజను స్టార్ట్ చేసి ఉన్నాను. ఆమెన్ అనేసరికి సైలెన్సరు చెయ్యి పెట్టలేనంత కాలింది.

బేస్తవారిపేటలో ప్రతి హోటలు ముందూ బండి నెమ్మదించింది. "ఇప్పుడేం పోస్తావు వాళ్లకు? పోనీ!" అంటూ నా భార్య వీపు మీద పొడిచింది. గిద్దలూరులో టీ తాగి ఘాటెక్కాం. చెట్ల నీడలో చల్లటి గాలి. లోయ వైపు చూసి, "బస్సులో కిటికీ పక్క సీటు ఎన్నడూ దొరికింది కాదు" అంది.

నంద్యాలలో కూడిక అయ్యాక భోజనాల దగ్గర అందరూ అడుగుతుంటే నేను చెప్పడం మొదలుపెట్టాను. ఘాటు, మలుపులు, కోతులు, క్యారియర్లో పప్పుచారు, ఎదురుగా వచ్చి పక్కకు తప్పుకున్న లారీలు. మా మరదలు నోరు తెరుచుకుని వింటోంది. "పప్పుచారు కూడా ఒలకలేదా బావా?"

"ఒక్క చుక్క ఒలికిందేమో మీ అక్కనే అడుగు."

నా భార్య అన్నం కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఎట్ల ఒలుకుతాది? లారీ హారన్ ఇనబడితే చాలు, బండి పక్కకు పెట్టి, నన్ను దింపి, క్యారియర్ నా చేతికిచ్చి, అది పోయిందాకా కండ్లు మూసుకోని దేవా దేవా అనుకుంటా నిలబడినాడు. లారీలు యాడ తప్పుకున్నాయి? తప్పుకున్నది ఈయన."