పదిహేడో నంబరు బస్సులో నిలిచిన నీళ్ళు

బిజెర్తా ఊళ్ళోని బస్సు డిపోలో దలెండా బస్సులు కడుగుతుంది. భర్త బెచిర్ అక్కడే డ్రైవరుగా చేసి, జబ్బుపడి పోయి ఏడు నెలలైంది. ఆయన పోయాక డిపోవాళ్ళు ఆమె చేతికి చీపురూ బకెట్టూ ఇచ్చారు. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రాత రాదు కనుక, బస్సు కడిగాక కాగితం మీద సంతకానికి బదులు సున్నా చుడుతుంది. ఆ సున్నా పడందే ఏ బస్సూ గేటు దాటకూడదని రూలు.

పదిహేడో నంబరు బస్సు కడిగితే నీళ్ళు తలుపు వైపు పోవు. బండి అటు ఒరిగి ఉంటుంది కనుక, ఎడమవైపు వెనక మూలకి చేరి మడుగు కడతాయి. బెచిర్ ఉన్నప్పుడు తిండి దగ్గర కూర్చుని కూడా ఆ బస్సునే తిట్టేవాడు. ఇప్పుడు దాన్ని నడిపే మొన్సెఫ్‌కి మాత్రం అదో వేళాకోళం.

"హాజా, నువ్వు కుడివైపు కూర్చో తల్లీ! ఇవాళ బండి నిలబడిందంటే నీ ఒంటి పుణ్యమే!" అని ఎక్కే లావుపాటి పెద్దామెల మీద జోకులేసేవాడు. జనం నవ్వేవారు. దలెండా మాత్రం నవ్వేది కాదు. కూతురు ముఫీదా చేపల ఫ్యాక్టరీలో పని ముగించుకుని రోజూ ఆ బస్సులోనే కాలువ వంతెన దాటి వస్తుంది.

ఒకరోజు బస్సులు తయారుచేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేడు లాంటి బస్సుల్లో చక్రాల పైన బరువు మోసే ఉక్కు పట్టీలు పగులుతున్నాయట. డిపోలో ఉన్న ఆ రకం తొమ్మిది బస్సుల్నీ ఆపి పట్టీలు మార్చాలట. దలెండా హమ్మయ్య అనుకుంది.

కంపెనీ మనిషి వచ్చాడు. ఒక్క బస్సు కిందికీ వంగలేదు. డిపో అధికారి లజ్‌హర్ తెప్పించిన బ్రిక్, గుడ్డు పెట్టి వేయించిన పిండివంట, కొరుకుతుంటే గుడ్డు సొన గడ్డం మీదికి కారింది. ఆమె పొద్దున్నే ఉతికి తొడిగిన సీటు గుడ్డతో దాన్ని తుడుచుకున్నాడు. తొమ్మిది అద్దాల మీదా "బాగుచేయబడినది" అని పచ్చ కాగితాలు అంటించి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పదిహేడు కడిగింది. నీళ్ళు మళ్ళీ ఆ మూలకే పోయాయి.

లజ్‌హర్ కాగితం చాచాడు. "కానివ్వు పిన్నీ, సున్నా చుట్టు. రెండింటికి బస్సు పోవాలి."

"శుభ్రం కాలేదు లజ్‌హర్ గారూ. చూడండి, నీళ్ళు నిలిచాయి."

"నీళ్ళు నీకెందుకు? నీ పని కడగడం!"

"అందుకే చెబుతున్నాను."

అతను ఆమె చేతిలోని గుడ్డ లాక్కుని, తెల్ల బూట్లతో మోకాళ్ళ మీద కూర్చుని మూల తుడిచాడు. సీట్ల కింద మిగిలిన తడి మెల్లగా జారి మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ వచ్చింది. మెట్టు మీద నిలబడి చూస్తున్న మొన్సెఫ్ ముఖంలో నవ్వు పోయింది. లజ్‌హర్ లేచి, తనే కాగితం మీద సున్నా చుట్టేశాడు.

"సున్నా మీరే పెట్టారు, బండి కూడా మీరే నడపండి," అని మొన్సెఫ్ తాళాలు సీటు మీద పడేసి దిగిపోయాడు.

లజ్‌హర్ ఉమ్మేసి దలెండా వైపు తిరిగాడు. "రేపట్నుంచి నువ్వు మరుగుదొడ్లు కడుగు."

"మంచిదే. అక్కడి కంపు పైకే తెలుస్తుంది."

పదిహేడు కదల్లేదు. సాయంత్రం ముఫీదా చిరాగ్గా ఇంటికొచ్చింది.

"మీ దిక్కుమాలిన డిపో! గంటసేపు నిలబెట్టారు. చివరికి ఇరవై రెండులో వచ్చాను."

దలెండా తినబోతున్న ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. ఇరవై రెండు కూడా పచ్చ కాగితం అంటించిన ఆ తొమ్మిదింట్లోదే.

"రేపట్నుంచి నడిచిరా," అంది.

"ఆరు కిలోమీటర్లా?"

"నడిచిరా."