ముందు కాళ్ళు చూపించు

బీపీ పట్టీ విప్పుతుంటే వచ్చే చర్రుమనే చప్పుడు, సాయంత్రమయ్యేసరికి తలలోకి ఎక్కేస్తుంది. పొద్దుట్నుంచి ఎంతమందికి కట్టానో, మాత్ర మానొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఓపిక పూర్తిగా చచ్చిపోయిన ఇలాంటి పూటల్లోనే మరియమ్మక్క గుర్తొస్తుంది. కిరండోల్ రైల్వే కాలనీలో మా వెనక క్వార్టరు ఆవిడది, నేనిప్పుడు పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. ఎవరొచ్చినా చెయ్యి అందుకునే ముందు, "కాళ్ళు చూపించు బాబూ" అనేది.

మా నాన్న గూడ్సు రైలు డ్రైవరు. ఆమ్లోడిపిన్ వేసుకుంటే పాదాలు వాచి బూట్లు పట్టేవి కావు. ఎదురింటి సాహూగారికి ఎనలాప్రిల్‌తో ఒకటే పొడిదగ్గు. కాలనీలో కరివేపాకు ఇచ్చిపుచ్చుకున్నంత తేలిగ్గా ఇద్దరూ కుళాయి దగ్గర మాత్రలు మార్చేసుకున్నారు. డాక్టరుకు చెబితే ఇంజిన్ మీంచి దించేస్తారని నాన్న భయం. వాపు తగ్గిందని తెగ సంబరపడ్డాడు. కొన్నాళ్ళకు మూత్రం తగ్గింది, మొహం ఉబ్బింది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తూ మరియమ్మక్క ఆయన్ని చూసి ఆగిపోయింది.

"మొహం అలాగుందేటి? ఏ మాత్ర ఏసుకుంటన్నావు?"

"సాహూది. రెండూ బీపీవే కదమ్మా."

ఆవిడ కేకలెయ్యలేదు. మా గడప మీద కూలబడింది.

"రెండూ బీపీ దించుతాయి బాబూ, దారులే వేరు. నీది రక్తనాళం గోడని వదులు చేస్తాది. ఆయనది నాళాన్ని బిగించే రసాయనాన్నే ఆపుతాది. నీ కిడ్నీలకెళ్ళే నాళాలు సన్నబడిపోయాయని డాక్టరుగారు చెప్పేరు కదా. ఆ బిగువు మీదే అవి నెట్టుకొస్తన్నాయి. దాన్నే తీసేసేవు."

"డాక్టరుకి చెప్పకమ్మా. ఇంజిన్ దించేస్తారు."

"చెప్తాను బాబూ."

చెప్పింది. మందు మార్చాక కిడ్నీలు కోలుకున్నాయి, ఇంజిన్ మాత్రం మళ్ళీ దక్కలేదు. నాన్నని ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆవిడ తన పొట్ట కొట్టిందని నాన్న కాలనీ అంతా చెప్పుకుని, పలకరింపు మానేశాడు. నాకెంత సిగ్గేసేదో. మరియమ్మక్క మాత్రం పెరటి గోడ అవతల నుంచి నన్ను పిలిచి, "మీ నాన్న కాళ్ళెలాగున్నాయే?" అని అడుగుతూనే ఉండేది.

రిటైరయ్యి ఆవిడ విశాఖ పాసింజరు ఎక్కే రోజున, ఎవరూ పిలవకుండానే నాన్న స్టేషనుకొచ్చాడు. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని బూట్లు విప్పాడు.

"చూడమ్మా."

ఆవిడ నడుం పట్టుకుని వంగి, చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు, వాపు లేదు.

"బాగున్నాయి బాబూ."

బండి కదిలాక నాన్న ఉత్త కాళ్ళతోనే చాలాసేపు నిలబడ్డాడు.

ఓపీ టైము అయిపోయింది. తలుపు దగ్గర ఇంకొక ముసలాయన నిలబడ్డాడు. రేపు రమ్మనాలనే ఉంది, నా నడుం కూడా విరిగిపోతోంది. కుర్చీ చూపించి, ఆయన ముందు వంగాను.

"చెప్పులు విప్పు బాబా."