కాలని వేళ్లు

ఏడేళ్లుగా ఒక మాట నా లోపల కూర్చుని ఉంది. లేవదు, కదలదు. ఎవరికైనా చెప్పి దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. కానీ మా గల్లీలో నేను నోరు తెరిస్తే చాలు, మాట పూర్తి కాకముందే జనం నవ్వడం మొదలుపెడతారు. అట్లా అలవాటు చేసింది నేనే. నవ్వడానికి తయారుగా ఉన్న మొహాల ముందు ఏం ఒప్పుకోగలను? అందుకే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ మేరకు ఇద్దరం సమానం.

నిజామాబాద్‌లో పసుపు యార్డుకు పోయే తోవలో మా గల్లీ. దాని మొదట్లో నా సైకిళ్ల కొట్టు. సైకిళ్లు కిరాయికి ఇస్తాను, పంక్చర్లు అతుకుతాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. కన్న అవ్వ, బాపు ఇద్దరూ పోయాక కొట్టు నా చేతికొచ్చింది, దాంతోపాటు కొట్టు ముందర పొద్దస్తమానం చేరే జనం కూడా వచ్చారు. వాళ్లను నవ్వించడం నా బాధ్యత అనుకున్నాను. చావు ఇంట్లో కూడా నవ్వించాడని నాకు పేరు. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే, బాగా గాలి పట్టిన ట్యూబును చూసినట్టు, ఎక్కడ గుచ్చుదామా అని నా మనసు వెతికేది. పంక్చర్లు అతికేవాడికి ఇది మంచి లక్షణం కాదు.

కొట్టు వెనక గదిలో రాజవ్వ ఉండేది. నలభై ఏళ్లుంటాయేమో. భర్త లేడు, పిల్లలు లేరు. గది ముందర పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసి అమ్మేది. యార్డు హమాలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, నేను, పగటిపూట అందరి కడుపులూ ఆమె చేతిలోనే ఉండేవి. జొన్న రొట్టె చేసేవాళ్లకు తెలుసు. చేత్తో చరిచి, పెనం మీద వేసి, పైన తడి పూసి, చేత్తోనే తిప్పాలి. ఎవరైనా వేళ్లు కాలి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూనే తిప్పుతారు. రాజవ్వ ఊదుకునేది కాదు. పెనం అంచున వేళ్లు ఆనించి, నాతో కబుర్లు చెబుతూ, తీరిగ్గా తిప్పేది.

"రాజవ్వను పీర్ల గుండంల దింపాలె. నిప్పులే సల్లవడుతయ్," అనేవాణ్ణి.

"నీ నోట్ల మన్నువడ, మస్కిరోడా," అనేది. అని, ఒక రొట్టె ఎక్కువ వేసేది.

ఒకసారి హమాలీలతో చాయ్ పందెం కాశాను. నా బీడీ ముట్టించమని అడిగితే ఆమె పొయ్యిలోంచి నిప్పు కణికను రెండు వేళ్లతో ఎత్తి ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పందెం చాయ్ తాగాను. ఆ చాయ్ ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఏడు దసరా పోయాక ఒక సర్కారు మోటారు బండి వచ్చింది. పొద్దుగూకగానే బడి గోడకు తెల్లగుడ్డ కట్టి బొమ్మలు చూపించారు. కుష్టు రోగం గురించి. నేను ముందు వరుసలో కూర్చున్నాను. తెర మీద డాక్టరు ఒక మాట అంటే కింద నేనొకటి అంటున్నాను.

"ఆ మచ్చ మీద సూది గుచ్చినా తెలియదు," అన్నాడు డాక్టరు.

"గట్లయితె మా ఇల్లుగలాయినకు పుట్టుకతోనె ఉన్నట్టున్నది," అన్నాను.

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల్లో డాక్టరు చెప్పింది ఒక్కరికీ వినబడలేదు. నాకు మాత్రం వినబడింది. మాటకు మాట తగిలించాలంటే ముందు దాన్ని పూర్తిగా వినాలి కదా. కాలినా తెగినా నొప్పి తెలియదన్నాడు. కలిసి అన్నం తిన్నంత మాత్రాన అంటుకోదన్నాడు. మొదట్లోనే మాత్రలు మింగితే వేళ్లు వంకరపోవన్నాడు. గల్లీ మొత్తంలో ఆ పాఠం వచ్చిన విద్యార్థి నేనొక్కణ్ణే.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం రాజవ్వ పొయ్యి ముందర ఇటుక మీద కూర్చుని ఉన్నాను. బీడీల ఇంట్లో ఎవరో ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న సంగతి చెబుతోంది. చెప్పేటప్పుడు నా మొహంలోకే చూస్తుంది, నేనెక్కడ నవ్వుతానా అని. ఎడమచేయి పెనం పక్కన ఉంది. చిటికెన వేలు అంచుకు ఆని ఉంది.

వాసన ముందు నాకు వచ్చింది. తర్వాత ఆమెకు.

"ఏం మాడుతున్నదిరా? రొట్టెనా?" అంది.

పెనం మీద రొట్టె లేదు. ఇంకా ఆమె కుడిచేతిలోనే ఉంది.

నేను వేలి వైపు చూశాను. నా చూపు వెంట ఆమె చూసింది. మెల్లగా వేలు తీసుకుంది. ఎవరి వేలో తన చేతికి అతికించినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తెర మీది డాక్టరు మాట నాకు గుర్తొచ్చింది. అయినా నోరు దాని పని అది చేసింది.

"ఇయ్యాల రొట్టెలకు మాంసం గూడ పెడుతున్నవా అవ్వా?"

ఆమె నవ్వింది. కొంగుతో వేలు తుడుచుకుని రొట్టె కాల్చి నాకు పెట్టింది. తిన్నాను. ఆమె చేతి రొట్టెల్లో నేను తిన్న ఆఖరుది అదే.

తిన్నాక కొట్టులోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుని, చొక్కా విప్పి, కనిపించిన చోటల్లా సూదితో గుచ్చుకున్నాను. ప్రతి పోటుకూ నొప్పి పుట్టింది. అంత సంతోషంగా "అబ్బా" అన్నవాడు నిజామాబాద్‌లో ఇంకొకడు ఉండడు.

ఆమెకెందుకు చెప్పలేదు? చాలా ఏళ్లు నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. చెబితే ఆమె పొయ్యి ఆరిపోతుంది, కూడు పోతుంది, అందుకని చెప్పలేదని. బాగుంది కదా? నాక్కూడా బాగుండేది. కానీ అది జాలే అయితే ఆమె చెవిలో ఒక్క మాట చెప్పి, ఎవరికీ తెలియకుండా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని డిచ్‌పల్లి కుష్టు దవాఖానకు తీసుకుపోవచ్చు. నాకు సైకిళ్లకు కరువా?

అసలు సంగతి వేరు. ఆ రోజుల్లోనే వేల్పూర్ నుంచి నాకు సంబంధం వచ్చింది. పసుపు పండించే ఇల్లు. పిల్లను చూడటానికి నా తరఫున పెద్దదిక్కుగా వచ్చింది రాజవ్వే. "వీనికి కన్నతల్లి లేకున్నా నేనున్న, నా చేతి బువ్వనే తింటడు," అని వాళ్లకు గొప్పగా చెప్పింది. పిల్ల నా జోకుకు నవ్వకుండా పెదవి కొరుక్కుంది. నాకు అది నచ్చింది. రాజవ్వ రోగం బయటపడితే ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోతుంది. ఇంతే. దీనికంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

పది రోజులకు సూది సారు వచ్చాడు. ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే సర్కారు ఉద్యోగి. చేతిలో ఒక గుండుసూది, ఒక కోడి ఈక. చూసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గీత పెట్టేవాడు. అప్పుడు రాజవ్వ జొన్నలు తేవడానికి బజారుకు పోయి ఉంది. సారు మూసిన తలుపు దగ్గర ఆగి నన్ను అడిగాడు.

"ఇందులో ఎవరుంటారు బాబూ?"

"ఎవ్వరుండరు సారు. ఉన్నామె బోధన్ దిక్కు చెరుకు కొట్ట పోయింది. సీజన్ అయ్యేదాక రాదు."

పొయ్యిలో బూడిద ఇంకా వేడిగానే ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను. నా కాళ్లకు ఆ సెగ తగులుతోంది. ఆయన ఆ తలుపు మీద కూడా చూసినట్టే గీత పెట్టాడు. నా చేతులు కూడా చూశాడు, ఈకతో నిమిరితే నేను కితకితలు పెట్టినట్టు మెలికలు తిరిగాను. నవ్వి, పక్క గల్లీకి పోయాడు.

రాజవ్వ వచ్చాక గీతను చూసింది. "గిదేందిరా?"

"ఓట్ల లెక్క అవ్వా. చెరపకు, సర్కారోళ్లు కోపమైతరు."

ఆమె చెరపలేదు. పండుగకు గోడకు సున్నం వేసినప్పుడు కూడా తలుపు మీది ఆ గీతకు తడి తగలకుండా జాగ్రత్తగా వేసుకుంది.

నేను ఆమె దగ్గర తినడం మానేశాను. కలిసి తింటే అంటుకోదని డాక్టరు చెప్పింది విన్నాను, కానీ నమ్మలేదు. నమ్మనప్పుడు మిగతావాళ్లకైనా చెప్పాలి కదా? హమాలీలు వరుసగా కూర్చుని తింటుంటే కొట్టులోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఎటు చూసినా తప్పే. డాక్టరు మాట నిజమైతే రాజవ్వకు ద్రోహం, అబద్ధమైతే వాళ్లందరికీ.

"ఏం బిడ్డా, రొట్టె రుచి తప్పిందా?" అని అడిగింది ఒకరోజు.

"కడుపుల నొప్పి అవ్వా. జొన్న వద్దన్నరు," అన్నాను.

మరునాటి నుంచి నా కోసం బియ్యపు గంజి కాచి గిన్నెలో తెచ్చింది. ఆమె వెనక్కి తిరగగానే గొడ్ల కుడితిలో పోసేవాణ్ణి. గిన్నె కడిగి ఇచ్చేవాణ్ణి. ఎంత మర్యాద.

నా పెళ్లి అయింది. రెండేళ్లు గడిచాయి. రాజవ్వ ఎడమచేతి వేళ్లు ఒకటొకటే లోపలికి ముడుచుకున్నాయి. పిండి చరిచినా రొట్టె గుండ్రంగా రావడం లేదు. "వాతం," అనేది. నేను కూడా "వాతమే" అనేవాణ్ణి. ఒకరోజు ఆమె అరికాలిలో పుండును ఒక హమాలీ చూశాడు. అందులో ఒక మేకు దిగి ఉంది. ఆమె దాని మీదే నడుస్తోంది.

కుష్టని మాట పాకి, అరగంటలో గల్లీ అంతా చేరింది. ఇన్నాళ్లూ ఆమె చేతి కూడు తిన్నవాళ్లే పెనాన్ని కట్టెతో తోసి మురికి మోరీలో పడేశారు. పొయ్యిని కాళ్లతో తన్నారు. ఇల్లుగలాయన పొద్దుగూకేలోపు గది ఖాళీ చేయమన్నాడు. రాజవ్వ గోడకు ఆనుకుని, చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది.

"అరేయ్, నువ్వు గూడ దీని రొట్టెలే తిన్నవ్ గదరా!" అని ఎవరో నా మీదికొచ్చారు.

నా భార్య గుంపులో ఉంది. భయపడ్డాను. నోరు జారింది.

"నేనా? నేను రెండేండ్ల కిందనే బందు చేసిన!"

ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. రాజవ్వ మాత్రం తలెత్తి నా వైపు చూసింది. చూస్తూనే ఉంది.

ఆమెను బస్సులో ఎక్కనివ్వలేదు. యార్డులో పసుపు దించి ఖాళీగా పోతున్న బండి ఒకటి డిచ్‌పల్లి దాకా ఎక్కించుకుంది. నా కొట్టు ముందర నుంచే పోయింది. నేను ఒక చక్రం ముందు పెట్టుకుని, సరిగ్గానే ఉన్న చువ్వలను మళ్లీ బిగించాను.

పోయిన నెల డిచ్‌పల్లి వెళ్లాను. ఇంట్లో టైర్ల కోసమని చెప్పాను. ఆమె గల్లీ వదిలి ఐదేళ్లయింది. దవాఖాన ఆవరణలో నీడన కూర్చుని ఉంది, రోగం తగ్గింది, ఒళ్లు కూడా కాస్త చేసింది. రెండు చేతుల వేళ్లూ మాత్రం లోపలికి మడుచుకుని బిగిసిపోయాయి. నన్ను చూసి మొహమంతా విప్పారింది. గల్లీలో ఒక్కొక్కరి పేరూ పెట్టి అడిగింది. నా పిల్లల సంగతి అడిగింది. రెండేళ్లు ముందొచ్చి ఉంటే వేళ్లు దక్కేవని డాక్టరమ్మ చెప్పిందట, అది కూడా ఎవరి ముచ్చటో చెప్పినట్టు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒక్కటడుగుత, నిజం చెప్పు బిడ్డా. ఆ దినం నువ్వు రెండేండ్ల కిందనే బందు చేసిన అంటివి. నీకు గప్పుడే ఎరుకనా?"

చుట్టూ ఎవరూ లేరు. వేల్పూర్ మామ లేడు, గల్లీ లేదు, పోయేదేమీ లేదు. నన్ను తిట్టే ఓపిక కూడా ఆమె మొహంలో లేదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది.

"నాకేం ఎరుక అవ్వా? కడుపునొప్పికి బందు చేసిన."

ఆమె చాలాసేపు తల ఊపింది.

"గట్లనే అనుకున్న. పండుకున్నప్పుడు గదొక్కటే మనసుల తొలుస్తుండె. నీకెరుకైతె నాకు చెప్పకుంటవా?" అని, ముడుచుకున్న చేతి వెనక వైపుతో నా గడ్డం నిమిరింది. "పో బిడ్డా, బస్సు దొరకది."

బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. నాకెప్పుడూ అన్నీ దొరుకుతాయి.

మొదటి అబద్ధానికి భయం ఉంది, వయసు ఉంది, పెళ్లి ఉంది. పోయిన నెల చెప్పినదానికి ఏముంది? ఆమె మనసు తేలిక చేయడానికే అన్నానని బస్సులోనే ఒక కారణం తయారైంది. చూశారా, ఎంత తొందరగా తయారవుతాయో. మళ్లీ పోయి చెబుతానా? చెబుతానని మీకు మాటిస్తే అది ఇంకొక అబద్ధం కావచ్చు. ఆమెకు చదువు రాదు, ఈ కాగితం ఆమె దాకా పోదు. మీరు క్షమించినా అది చెల్లదు, వేళ్లు మీవి కావు కాబట్టి.

అయినా ఏడేళ్లలో ఒక్కసారైనా ఆ ప్రశ్నకు జవాబు నా చేత్తో రాసి, కళ్లతో చూసుకోవాలి. రాస్తున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.

ఎరుకే ఉండె అవ్వా. ఆ వేలు కాలిన దినమే ఎరుక.